వెండి రంగు టేపు

గ్లాస్గో,
జులై 1, 2025.

పల్లవీ,

మన ఫ్యామిలీ గ్రూపులో ఎనిమిది ఫొటోలు పెట్టాను. ఒకదాంట్లో లోయ, ఒకదాంట్లో మబ్బులో సగం మునిగిన కొండ, ఇంకోదాంట్లో రోడ్డుకు అడ్డంగా పడుకుని, డ్రైవర్ ఎంత హారన్ కొట్టినా కన్ను తెరవని గొర్రె. మన ఇంటిల్లిపాదీ కలిసి చూసింది మాత్రం నా కాలి వేళ్లని.

కొత్తేం కాదులే. ఆ ఇంట్లో నన్ను సరిగ్గా అర్థం చేసుకున్నదెప్పుడు గనక? పలక్కుండా కూర్చుంటే పొగరన్నారు, పలికితే నోరు పెద్దదన్నారు. ఇంటర్‌లో కళ్లు మండి ఎర్రబడితే డాక్టర్ కళ్లజోడు రాశాడు. పేరుకే హయత్‌నగర్, పొద్దస్తమానం మన ఇంట్లోనే ఉండే అత్త మాత్రం, "ఎవని కోసం ఏడుస్తున్నవే?" అని అడిగింది. చదువుకోవడానికి ఇంత దూరం వచ్చినా అదే అత్త, అదే చూపు. మధ్యలో ఒక ఫోన్ చేరింది, అంతే తేడా.

ఆదివారం నేను తిరిగొచ్చి గదిలో బ్యాగు దించేసరికే ఫ్యామిలీ గ్రూపులో అత్త మెసేజ్: "భావనా, కాళ్లకు ఏంది అవి?" తర్వాత అమ్మ ఫోన్. "ఏమైందమ్మా?" అంటే, "ఏం లేదు బిడ్డా, తిన్నవా?" అంటుంది. వెనకనుంచి అత్త గొంతు: "అడుగు, అడుగు." మన ఇంట్లో ఫోన్ అంటేనే స్పీకర్. అందుకే నీకు మెయిల్ రాస్తున్నా. మెయిల్ అంటే ఆఫీసు కాగితమని వాళ్ల లెక్క, ఎవరూ తెరవరు.

జరిగింది ఇదీ. మా డిపార్ట్‌మెంట్ వాళ్లం చిన్న బస్సు మాట్లాడుకుని శనివారం గ్లెన్‌కో అనే లోయకు పోయాం. నా బూట్లు పాత సామాన్ల దుకాణంలో కొన్నవి. నా రెండో వేళ్లు బొటనవేళ్లకంటే పొడుగు కదా. "రెండో వేలు పొడుగున్న పిల్ల మొగుణ్ణి ఏలుతది" అని చిన్నప్పుడు వచ్చిన వాళ్లందరికీ నా కాళ్లు చూపించి నవ్వింది కూడా ఈ అత్తే. బూటు ముందుభాగం సరిగ్గా ఆ రెండు వేళ్లకే రాసుకుని బొబ్బలెక్కాయి. కొండ సగంలో ఉన్నాం. బ్యాండేజీలు అయిపోయాయి. అభిలాష్ అని మా క్లాసే, హనుమకొండ అబ్బాయి, సంచిలోంచి వెండి రంగు గట్టి టేపు తీశాడు. పైపులకు చుట్టేది.

"ఇది కాలికేస్తారా?" అన్నాను.

"మా నాయిన ట్రాక్టర్ పైపు పగిల్తే గిదే చుడ్తడు. నీ వేలు ట్రాక్టర్‌కన్న గట్టిదా?" అని రెండు వేళ్లకూ చుట్టేశాడు.

తర్వాత వాగు దగ్గర అందరం బూట్లు విప్పి నీళ్లలో దిగాం. ఎవరో ఫొటో తీశారు. అంతే పల్లవీ. అవి మెట్టెలు కావు, టేపు.

నాకు ఒళ్లు మండి అత్తకు గ్రూపులోనే జవాబిచ్చా: "అవునత్తా, వాగులో నిలబెట్టి తొడిగారు. గొర్రెలే సాక్షి." ఆ తర్వాత గ్రూపులో ఎవరూ నోరెత్తలేదు. నవ్వుకున్నారనే అనుకుంటున్నా. నవ్వారా?

నాన్న ఏమన్నాడు? నీ పూణె ప్రయాణానికి అడ్డం పడేలా ఏమీ లేదు కదా? అది ఒక్కటీ చెప్పు, మిగతాది నేను పడతా. ఇంకో మాట. ఆ నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయని ఇంతవరకూ ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

ఇప్పటికీ పెళ్లికాని మీ అక్క,
భావన


ఎల్‌బీ నగర్,
జులై 3.

అక్కా,

నవ్వలేదు. గొర్రెల సాక్ష్యం మన కొంప ముంచింది.

అత్త ఆ మెసేజ్‌ను హాల్లో నిలబడి పైకి చదివింది. "సూసిన్రా, ఆమెనే ఒప్పుకున్నది" అంది. వెటకారం అత్తా, అని నేనంటే, "గంత పెద్ద ముచ్చటల వెటకారం ఎట్లొస్తది?" అంది. తర్వాత అమ్మను సోఫాలో పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ మీద రెండు వేళ్లు పెట్టి ఫొటోను లాగింది, పిండిని సాగదీసినట్టు.

"సుమిత్రా, గిటు జూడు. రెండో వేలు. ఒక్క కాలికైతే దెబ్బ తాకిందనుకుందుము. రెండు కాళ్లకు ఒక్క తీరుగ తాకుతదా?"

"ఫ్యాషనేమో వదినా."

"ఫ్యాషన్‌కు మెట్టెలెవలు పెట్టుకుంటరు? సరే, పక్కన గా కాళ్లెవలియి? ఎంటికలున్నయ్ సూడు. మొగకాళ్లు."

అమ్మ చూసింది. నేనూ చూశాను. మొగకాళ్లే, అక్కా.

"ఆషాఢంల ఎవలన్న పెండ్లి చేసుకుంటరా? గీ బుద్ధి కూడ లేకపాయె" అని అత్త మొదలుపెట్టగానే, అమ్మ ఒక్కసారి లేచింది. "ఆషాఢంల కాదు వదినా, జ్యేష్ఠంలనే చేసుకుని ఉంటది. నా బిడ్డ గంత తెలివిలేనిది కాదు."

అంటే నిన్ను వెనకేసుకొచ్చింది. వెనకేసుకొచ్చే ఊపులో ఒక నెల ముందే నీ పెళ్లి చేసేసింది. ఇప్పుడు అమ్మకు కొత్త రంధి పట్టుకుంది. కొత్తగా పెళ్లయినవాళ్లు మొదటి ఆషాఢం ఒక్కచోట ఉండకూడదు కదా. నువ్వేమో ఆయనతో వాగుల్లో తిరుగుతున్నావు. వంటింట్లోకి పిలిచి చెవిలో చెప్పింది, "శ్రావణం దాంక ఏరే రూముల ఉండుమను." చెప్పమంది కాబట్టి చెబుతున్నా.

నాన్న ఆర్టీసీ డిపోనుంచి వచ్చేసరికి అత్త అంతా సిద్ధం చేసి పెట్టింది. నాన్న యూనిఫాం చొక్కా విప్పకుండానే ఫొటో చూశాడు, ఫోన్ తిరిగిచ్చాడు, మంచినీళ్లు తాగాడు. కంట్రోలర్ బుద్ధి కదా, బస్సు ఆగిపోయిందంటే ముందు ఎవరినీ ఏమీ అనడు. తర్వాత నా వైపు చూడకుండా, "ఒకదాన్ని పంపితెనే గిట్లున్నది. పల్లవి పూణె ముచ్చట తర్వాత జూద్దాం" అన్నాడు.

ఆ సీటు వచ్చిన రోజు డిపోలో అందరికీ లడ్డూలు పంచింది ఈయనే. "మా చిన్నబిడ్డ మ్యాపుల చదువు చదువుతది, రేపు మన బస్సుల రూట్లు ఆమెనే గీస్తది" అని కనిపించిన ప్రతి కండక్టర్‌కీ చెప్పుకున్నది ఈయనే. ఇరవై ఒకటిన క్లాసులు మొదలు. ఆ రోజు హాజరు కాకపోతే సీటు వేరేవాళ్లకిస్తారు. "తర్వాత" అంటే ఏమిటో నీకు నేను చెప్పాలా?

రోజూ చైతన్యపురి కోచింగ్ సెంటర్‌లో పిల్లలకు డౌట్లు చెబుతున్నా. కిటికీ కింద హాస్టల్. వారానికో పిల్ల సూట్‌కేసు లాక్కుంటూ దిగుతుంది, వెనకాల తండ్రి పరుపు మోసుకుంటూ వస్తాడు. ఎవరెవరి నాన్నలో ఎక్కడెక్కడినుంచో తెచ్చి దింపుతున్నారు. నేను ఆ కిటికీ దగ్గరే కూర్చుని, పటంలో దూరం ఎలా కొలవాలో చెబుతున్నా.

ఒక్కమాట అడుగుతా, కోపం తెచ్చుకోకు. నిజంగా టేపేనా? నేను నమ్ముతున్నా. కానీ ఆ ఫొటోలో నువ్వు నవ్వుతున్న తీరు ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. వేళ్లకంటే నాకు అదే భయం వేసింది.

నీ
పల్లవి


గ్లాస్గో,
జులై 5.

పల్లవీ,

అత్త వేళ్లు చూసింది, నువ్వు నవ్వు చూశావు. ఇద్దరూ ఒక చోటికే వచ్చారు.

నవ్వింది చలికి. నీళ్లలో కాలు పెట్టగానే ఎముకల్లోకి పోయింది, అరవబోతే నవ్వు వచ్చింది. నమ్ముతావో లేదో నీ ఇష్టం.

ఇంకా చెప్పాలంటే చెబుతా. శనివారం సాయంత్రం మేం ఉన్న హాస్టల్ వెనకనుంచి ఒక బాట లోయలోకి పోతుంది. ఇక్కడ జూన్‌లో పొద్దు ఎంతకీ గుంకదు. భోజనాలయ్యాక కూడా మన దగ్గర నాలుగు గంటల వెలుతురులా ఉంది. నేను ఒక్కదాన్నే ఆ బాట పట్టుకుని పోయా. ఎక్కడికి పోతున్నావని ఎవరూ అడగలేదు. ఎప్పుడొస్తావని అడగలేదు. కొంత దూరం పోయాక నాకే భయమేసి వెనక్కి తిరిగి చూశా, ఎవరైనా పిలుస్తున్నారేమోనని. కంటికి కనిపించనంత చిన్న దోమలు ముఖం నిండా కుట్టాయి. ఒళ్లంతా గోక్కుంటూ, కుంటుకుంటూ, ఒక రాయి మీద కూర్చున్నా. అక్కడ ఒక్క ఇల్లు లేదు, ఒక్క బోర్డు లేదు. ఎల్‌బీ నగర్‌లో పుట్టి పెరిగినదాన్ని, అంత ఖాళీలో ఎటు చూడాలో తెలియలేదు. అయినా లేవబుద్ధి కాలేదు. నేను సంతోషంగా ఉన్నానా, భయపడుతున్నానా అని నన్నడిగితే చెప్పలేను. ఆ మాట నీకు చెప్పాలనే ఆ ఫొటోలు పెట్టాను. నీకని గ్రూపులో పెట్టడం నా తెలివితక్కువతనం.

సరే. మాటలు వద్దు, సాక్ష్యం పంపుతున్నా. బొబ్బలు మానేదాకా ఉంచిన టేపును ఇందాక పూర్తిగా తీసేసి, కిటికీ దగ్గర వెలుతురులో కాళ్లు పెట్టి తీసిన ఫొటో దీనితో ఉంది. పది వేళ్లూ ఖాళీ. నాన్నకు చూపించు. అత్తకు చూపించు. ఎంత సాగదీసుకుంటారో సాగదీసుకోమను.

ఆ పక్కనున్నవి అభిలాష్ కాళ్లు. ఆయన జారి పడబోయి నా పక్కకొచ్చి ఆగాడు. అంతకుమించి ఆ కాళ్లకు కథ లేదు.

భావన


ఎల్‌బీ నగర్,
జులై 9.

అక్కా,

ఆ ఫొటో పంపకుండా ఉండాల్సింది.

పంపేముందు నీ వేళ్లను నువ్వే సరిగ్గా చూసుకున్నావా? టేపు చుట్టిన మేర ఎర్రగా గీత పడింది. రెండు వేళ్లకూ, చుట్టూరా, ఉంగరం తీసిన చోట పడే గుర్తులా. నేను సంబరంగా పోయి నాన్న చేతిలో ఫోన్ పెట్టాను. "చూడు నాన్నా, ఏమీ లేవు." నాన్న కళ్లజోడు పెట్టుకుని చూసి, ఊపిరి వదిలాడు కూడా. అప్పుడే అత్త భుజం మీదినుంచి తొంగి చూసింది.

"తీసేసింది! మనం అడిగినమని మెట్టెలు తీసేసింది!"

అమ్మ చేతిలో బియ్యం చాట ఉంది. అట్లాగే కింద కూర్చుండిపోయింది. మెట్టెలు ఎప్పుడు తీస్తారో ఆమె నోటితో అనలేదు గానీ, ఆ మాట హాలంతా వినిపించింది. "ఎవలైతేంది, ఎట్లైతేంది, గా పిలగాడు సల్లంగుండాలె. తీసుడేందమ్మా, తీసుడేంది" అని ఏడుపు. లేని అల్లుడి ప్రాణానికి మన అమ్మ ఏడ్చింది అక్కా. నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. "నువ్వు చిన్నదానివి, నీకు తెల్వదు" అంది.

మర్నాడు గాజులకని నన్ను దిల్‌సుఖ్‌నగర్ తీసుకుపోయింది. గాజుల దుకాణం దాటిపోయింది. వెండి దుకాణంలో దూరి, ఒక జత మెట్టెలు చూపించమంది. సేల్స్ అమ్మాయి "ఎవరికండీ?" అంటే, "మా పెద్దబిడ్డకు. దూరముంటది" అంది. సైజు కోసం నా కాలికి పెట్టి చూశారు. నేను రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డా, తెలిసినవాళ్లెవరైనా చూస్తే ఈసారి నా పెళ్లి అయిపోతుందని. ఇప్పుడవి కందిపప్పు డబ్బాలో ఉన్నాయి. గ్లాస్గో పోయేవాళ్లెవరైనా ఉంటే చెప్పమంటోంది. ఇంకోటి, ఆయన పేరు, నక్షత్రం అడగమంది, అర్చన చేయించాలట. నేను ఏం చెప్పాలి?

అసలు విషయం. నాన్న ఒక మాట మీదికి వచ్చాడు. ఫొటోలు నమ్మకం లేదు, ఫొటోను ఎట్లైనా మారుస్తారని అత్త అంది. అందుకని వీడియో కాల్. ఇరవయ్యో తారీఖు, బోనాల ఆదివారం, అందరూ ఇంట్లో ఉంటారు. నువ్వు కాల్‌లో సాక్సులు విప్పి కాళ్లు చూపించాలి. గీతలు కూడా లేకపోతే అత్త నోరు మూస్తుంది. ఆ సాయంత్రమే నాన్న నన్ను తీసుకుని పూణె బస్సెక్కుతాడు. ఈ మాట నాన్నే అన్నాడు, నా తల మీద చెయ్యి పెట్టి.

అక్కా, రెండు నిమిషాలు. విప్పు, చూపించు, మళ్లీ తొడుక్కో. నీకేం పోతుంది? నాకు సీటు పోతుంది. ఈ కోచింగ్ సెంటర్ కిటికీ దగ్గర ఇంకో ఏడాది కూర్చుంటే నాకు పిచ్చి లేస్తుంది. వచ్చే ఏడాది నాన్న ఈ మాత్రం కూడా ఒప్పుకోడు, నీకు తెలుసు.

బతిమాలుతున్నా అనుకో.

పల్లవి


గ్లాస్గో,
జులై 12.

పల్లవీ,

చూపిస్తా.

ఈ ఒక్క మాట రాయడానికి మూడు మెయిళ్లు రాసి చెరిపేశా. మొదటిదాంట్లో నిన్ను తిట్టా. రెండోదాంట్లో నాన్నను. మూడోదాంట్లో ఎవరినీ తిట్టలేదు, కానీ చదివితే నాకే ఏడుపొచ్చింది.

"నీకేం పోతుంది?" అన్నావు. ఏం పోతుందో లెక్క చెప్పడం నాకు రావట్లేదు. మొన్నటినుంచి ఏం చేస్తున్నానో చెబుతా, నువ్వే చూసుకో. పొద్దున, సాయంత్రం వేళ్లకు కొబ్బరినూనె రాస్తున్నా, గీతలు పోవాలని. అమ్మ ఇచ్చిన సీసాలోదే. రోజూ కాళ్లు ఫొటో తీసి, అత్తలాగే సాగదీసి చూసుకుంటున్నా. ఎడమ కాలిది తగ్గింది, కుడిది ఇంకా ఉంది. వచ్చే శనివారం మావాళ్లు ఇంకో పర్యటన పెట్టుకున్నారు, పడవెక్కి ఒక దీవికి. నేను రానన్నా. మళ్లీ బూట్లు తొడిగితే మళ్లీ గీత పడుతుంది. నా కాళ్లు నిర్దోషులని తేలేవరకూ వాటిని ఎక్కడికీ పోనివ్వట్లేదు.

నీకొకటి చెప్పాలి, నవ్వొద్దు. మీరంతా కలిసి పెళ్లి చేసేదాకా నేను అభిలాష్ ముఖం సరిగ్గా చూడనే లేదు. ఇప్పుడు ల్యాబ్‌లో ఎదురైతే చాలు, నా చూపు నేల మీదికి, ఆయన బూట్ల మీదికి పోతోంది. నిన్న ఆపి అడిగాడు.

"ఏమైంది భావనా, నేనేమన్న తప్పుగ మాట్లాడిన్నా?"

దాచలేక అంతా చెప్పేశా. ముందు పడీ పడీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "అదే ఫొటో నేను గూడ మా ఇంటికి పంపిన" అన్నాడు.

"మీ అమ్మ ఏమన్నారు?"

"నీళ్లల్ల ఎందుకు దిగినవ్ రా, సర్ది జేస్తది అన్నది."

అంతే పల్లవీ. ఒకే ఫొటో, ఒకే వాగు. ఆయన పక్కన ఎవరి కాళ్లున్నాయని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆయన వేళ్లను ఎవరూ పెద్దవి చేసి చూడలేదు. ఆయన సిగ్గుపడ్డాడు, పాపం, తన తప్పేమీ లేకపోయినా. "పేరు, నక్షత్రం ఇమ్మంటే ఇస్త, అర్చనే కదా, పోయేదేమున్నది" అన్నాడు. వద్దన్నా. అమ్మకు నువ్వే చెప్పు, నెమ్మదిగా. అల్లుడు లేడు. మెట్టెలు పప్పు డబ్బాలోంచి తీసెయ్యమను.

ఇరవయ్యో తారీఖు ఫోన్ ఎత్తుతా. సాక్సులు విప్పుతా. ఆ తర్వాత కొన్నాళ్లు నాతో ఎవరూ మాట్లాడొద్దని చెప్పు. నీ కోసం చేస్తున్నా, నీ ఒక్కదాని కోసమే. నువ్వు పూణె పోయాక ఎప్పుడైనా ఈ మాట మర్చిపోతే మాత్రం నేను ఊరుకోను.

భావన


ఎల్‌బీ నగర్,
జులై 17.

అక్కా,

నీ మెయిల్ వచ్చిన రోజు నేను ఇంట్లో స్వీట్లు పంచినంత పని చేశా. "అక్క ఒప్పుకుంది" అని అరుస్తూ హాల్లోకి పోయా. ఆ తర్వాత జరిగినవి వరసగా రాస్తున్నా.

అత్త పిలుపులు మొదలుపెట్టింది. బోనాలకు ఎట్లాగూ చుట్టాలు వస్తారు, వాళ్లు కాక బాటసింగారం రామచంద్రం గారి భార్యను కూడా పిలిచింది, వాళ్లబ్బాయి సాత్విక్‌కు సంబంధాలు చూస్తున్నారు కాబట్టి. "ఒక్కటే సారి అయిపోతది. ఆమె కూడ కండ్లార సూస్తది, మల్ల ఎవలు నోరెత్తరు" అంది. అంటే కాళ్లనుంచి మొదలయ్యే పెళ్లిచూపులు. ఇంత జరిగాక నిన్న అత్త కొడుకు శేఖర్ బావ వైరు పట్టుకుని వచ్చాడు.

"అదెందుకు బావా?" అన్నా.

"ఫోన్ల చిన్నగ కనవడ్తది కదనే. టీవీకి కలిపితె అందరికి కనవడ్తది. సిగ్నల్ ఎట్లుంటదో ఏమో, ఒక్కసారి ట్రయల్ ఏస్త."

ట్రయల్‌కు వాడి కాలే వాడాడు. గోడ మీది పెద్ద టీవీ నిండా శేఖర్ బావ అరికాలు, పగుళ్లతో సహా. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వా. నవ్వుతూ నవ్వుతూ అక్కడ నీ కాళ్లను ఊహించుకున్నా. కొబ్బరినూనె రాసిన కాళ్లను. కుడి కాలి గీత ఇంకా పోలేదేమో. సోఫాలో రామచంద్రం గారి భార్య, చేతిలో బూందీ ప్లేటు.

అప్పుడు కూడా నేను నీకు వద్దని రాయలేదు. నిజం చెబుతున్నా. సీటే కళ్ల ముందుంది.

సాయంత్రం నాన్న చాయ్ తెచ్చి నా చేతికిచ్చాడు. ఆయన తన చేత్తో నాకు చాయ్ ఇవ్వడం నా పదో తరగతి ఫలితాల తర్వాత ఇదే. పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు, "పరేషాన్ గాకు బిడ్డా. అక్కది అయిపోంగనే నిన్ను నేనే దింపొస్త. నువ్వు గూడ గంతే. గాడికి పోయినంక ఐతారం ఐతారం జర వీడియోల కాళ్లు చూపియ్యి. రెండు నిమిషాల పని. అత్త నోరు మూస్కుంటది, నాకు పానం నిమ్మళంగ ఉంటది."

కోపంగా అని ఉంటే వాదించేదాన్ని. ఎంతో ప్రేమగా అన్నాడు. నాకు ఒక దారి దొరికిందని సంతోషంగా అన్నాడు. ఆ "రెండు నిమిషాలు" అన్న మాట నాదే అక్కా. నేను నీకు రాసిన మాటే ఆయన నాకు తిరిగి చెప్పాడు. చాయ్ గ్లాసు అట్లాగే కింద పెట్టేశా.

అమ్మకు అల్లుడు లేడని చెప్పా. రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. మొదటిసారి దాస్తున్నాననుకుంది. రెండోసారి నమ్మి, ఉన్న మనిషి పోయినట్టే ముఖం పెట్టింది. "పేరన్న తెల్వకపాయె" అంది. కాసేపటికి డబ్బా మూత తీసి, మెట్టెలు చేత్తో తడిమి, మళ్లీ పప్పులోనే పెట్టేసింది. "ఉంటయ్ తియ్. పప్పేమన్న తింటదా వాటిని?"

ఇవాళ పొద్దున నేను అటక మీదినుంచి సూట్‌కేసు దించాను. అమ్మ చూసింది. రెండు దుప్పట్లు తెచ్చి మంచం మీద పెట్టింది. దాని మీద ఒక తాళం పెట్టి, "హాస్టల్ తాళాలు మంచిగుండయ్, గిది తీస్కపో" అంది. ఇంకో మాట కూడా అంది, గిన్నెలు సర్దుతూ, నా వైపు తిరగకుండా: "ఐతారం గా టీవీ ముందల నేనైతే కూసోను."

నాన్న డ్యూటీకి చెప్పులు వేసుకుంటుంటే గడప దగ్గర నిలబడి చెప్పా.

"నాన్నా, నేను రేపు పోతున్నా. అక్క ఆదివారం ఫోన్ ఎత్తదు. నేను కూడా అక్కడినుంచి కాళ్లు చూపించను. ఫోన్ చేస్తా, ముఖం చూపిస్తా. అంతే."

"ఐతారం దాంక ఆగలేవా?"

"ఆగను."

గడియారం చూసుకున్నాడు. కంట్రోలర్ కదా, బస్సు కదిలిపోతుందంటే ముందు టైమే చూస్తాడు. కోపమో, బాధో నాకు తెలియలేదు. "ఏ బస్సు?" అన్నాడు. ఆర్టీసీదే, సాయంత్రం ఎంజీబీఎస్ బస్టాండులో ఎక్కుతానని చెప్పా. డ్రైవర్ ఆయనకు తెలిసినవాడే అయి ఉంటాడు, కండక్టర్ లడ్డూ తిన్నవాడే అయి ఉంటాడు. దాక్కుని పోవట్లేదు. నాన్న తలుపు దగ్గరకి వేసి వెళ్లిపోయాడు. రేపు మెట్రో స్టేషన్ దాకా వస్తాడో, అడ్డం నిలబడతాడో నాకు తెలీదు. నీకు ఇది తొందర తొందరగా రాస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ఆ మొదటి ఎనిమిది ఫొటోలు ఇవాళ మళ్లీ తీసి చూశా. నీ వేళ్లకు పైన లోయ ఉంది. అంత పెద్దది ఇన్నాళ్లూ ఎట్లా కనిపించలేదో. నువ్వు ఒంటరిగా పోయానన్న బాట కూడా కనిపించిందనుకుంటున్నా, ఎడమవైపు, సన్నగా. ఆ నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో నేను అడుగుతున్నా. పూణె చిరునామా పంపాక రాయి.

కొబ్బరినూనె ఆపెయ్. శనివారం దీవికి పో. ఆదివారం ఫోన్ ఎత్తకు, ఎవరు చేసినా, చివరికి నేను చేసినా సరే.

నేను రేపు పూణె పోతున్నా.

పల్లవి